సింగపూర్‌లో అంతా మాల్సేనా? పదిహేనేళ్లుగా ఇక్కడున్న దాన్ని చెబుతున్నా

మీ ప్రశ్న చదివాను. మీ ఆయనకు సింగపూర్‌లో ఉద్యోగం ఖాయమైంది. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, నాలుగేళ్ల పాపతో వచ్చే నెల బయల్దేరుతున్నారు. "అక్కడ మాల్స్ తప్ప ఏమీ ఉండవు, శని ఆదివారాలు మాల్లో తిరిగి జేబు ఖాళీ చేసుకుని ఇంటికి రావడమే" అని ఎవరో భయపెట్టారు. అది నిజమేనా, డబ్బు నిలుస్తుందా, మనవాళ్లు కనిపిస్తారా, కుక్కరు తెచ్చుకోవాలా అని అడిగారు. కుక్కరు సంగతి చివర్లో చెబుతాను, దానికి తోడు చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి.

నాది తెనాలి. 2010లో మూడేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చాను. మొదట సెంగ్‌కాంగ్‌లో ఉన్నాం, తరువాత పక్కనే ఉన్న పుంగోల్‌కి మారాం. మొదటి ఆరు నెలలు నేనూ మీకు చెప్పినవాళ్లలాగే మాట్లాడేదాన్ని. మా అమ్మ ఫోన్ చేసి "ఇవాళ ఎక్కడికెళ్లారే" అంటే "మాల్‌కి" అనేదాన్ని. మర్నాడూ అదే. మూడోనాడు ఆవిడ, "మీ ఆయన జీతమంతా అక్కడే పోస్తున్నావా ఏంటి?" అంది. నిజానికి ఆ మూడు రోజుల్లో నేను కొన్నది ఒక పాల డబ్బా, ఒక కొత్తిమీర కట్ట.

హైదరాబాద్‌లో మాల్‌కి వెళ్లడం ఒక కార్యక్రమం. బట్టలు మార్చుకోవాలి, కారు తియ్యాలి, ట్రాఫిక్ దాటాలి, పార్కింగ్ వెతకాలి, లోపలికి వెళ్లాక ఇంత దూరం వచ్చినందుకైనా ఏదో ఒకటి కొనాలి. ఇక్కడ మాల్ ఇంటికీ రైలుకీ మధ్య దారిలో ఉంటుంది. సెంగ్‌కాంగ్‌లో మెట్రో స్టేషనూ, లోపలి వీధులకు వెళ్లే చిన్న రైలు స్టేషనూ, బస్సుల స్టాండూ, మాలూ అన్నీ ఒకే చోట అతుక్కుని ఉంటాయి. రైలు దిగి బస్సెక్కాలంటే మాల్ అంచు తగలకుండా వెళ్లడం కష్టం. మా తెనాలిలో బస్టాండు నుంచి ఇంటికి గాంధీ చౌక్ మీదుగా వెళ్లినట్టే. చౌక్ మీదుగా వచ్చిన ప్రతిసారీ చీర కొంటామా?

ఇది ఊరికే జరిగింది కాదు. 1991లో ఇక్కడి ప్రభుత్వం వేసిన నగర ప్రణాళికలో, అందరూ పొద్దున్నే నగరం నడిబొడ్డుకు పరిగెత్తకుండా టాంపినిస్, జురాంగ్ ఈస్ట్, వుడ్‌లాండ్స్ లాంటి చోట్ల ప్రాంతీయ కేంద్రాలు పెంచాలని రాసుకున్నారు. జనంలో ఎక్కువమంది ఉండేది ప్రభుత్వ గృహ నిర్మాణ మండలి కట్టిన ఫ్లాట్లలో. వాటిని హెచ్‌డీబీ అంటారు, మీరూ బహుశా వాటిలోనే అద్దెకు దిగుతారు. ఆ ఫ్లాట్ల గుంపు మధ్యలో రైలు స్టేషను, దాని నెత్తినో పక్కనో మాల్. పైగా ఏడాది పొడుగునా మధ్యాహ్నం 31, 32 డిగ్రీల ఎండ, ఒళ్లంతా జిడ్డు చేసే ఉక్క, చెప్పకుండా కురిసే వాన. ఫ్లాటు కింది నుంచి స్టేషను దాకా కప్పున్న దారి ఉంటుంది కాబట్టి గొడుగు లేకుండానే మాల్ చేరతాం. ఈ దేశం ఇలా నడవడానికి ఏసీ ఎంత కారణమో ఇక్కడి మొదటి ప్రధాని లీ క్వాన్ యూ కూడా చెప్పుకున్నాడు. మీరు మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక పల్చటి శాలువా పెట్టుకోండి. బయట ఉడికిపోతాం, లోపల వణుకుతాం.

ఇళ్ల మధ్య ఉన్న ఈ మాల్స్ లోపల ఏముంటుందో ఒకసారి చూస్తే అన్నీ చూసినట్టే. అడుగున కిరాణా సూపర్‌మార్కెటు, బన్నులు, కర్రీ పఫ్‌లు, సోయా పాలు అమ్మే చిన్న బడ్డీలు. నేల అంతస్తులో మందుల షాపు, కళ్లద్దాల షాపు. పైకి వెళ్లేకొద్దీ పళ్ల డాక్టరు, పిల్లల ట్యూషన్లు, పియానో, బాలే, లెక్కల క్లాసులు. ఇంకా పైన ఫుడ్ కోర్టు. కొన్నిట్లో ప్రభుత్వ లైబ్రరీ కూడా ఉంటుంది, సెంగ్‌కాంగ్‌లో మాది అలాంటిదే. వీటిలో చాలావాటికి యజమాని ఒక్కరే ఉంటారు, అదీ షేర్ మార్కెట్లో యూనిట్లు అమ్ముకునే పెద్ద ట్రస్టులు. ఈ పద్ధతి ఇక్కడ 2002లో మొదలైంది. అద్దె ఖచ్చితంగా రావాలి కాబట్టి నమ్మకంగా కట్టే గొలుసు దుకాణాలకే చోటిస్తారు. అందుకే టాంపినిస్ మాల్‌కీ, జురాంగ్ పాయింట్‌కీ, యీషున్‌లో నార్త్‌పాయింట్‌కీ మధ్య తేడా చెప్పమంటే నేను కూడా తడబడతాను. నెలకే విసుగు పుట్టేది ఇందుకే. "మాల్స్ తప్ప ఏమీ లేవు" అనేవాళ్లు చూసేది ఈ రకాన్నే.

రెండో రకం ఉంది. దాని గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నా, ఎందుకంటే అది తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

1970లలో, 80లలో కట్టిన పాత మాల్స్‌లో చాలావాటికి ఒక యజమాని లేడు. మన అపార్ట్‌మెంట్లో ఫ్లాట్లు అమ్మినట్టు, గదులు గదులుగా దుకాణాలు వేరువేరు మనుషులకు అమ్మేశారు. ఒక్కో భవనానికి వందల మంది సొంతదార్లు. ఎవరి గది వాళ్ల ఇష్టం. పెద్ద కంపెనీలు ఇటు రావు, అద్దె తక్కువ, కాబట్టి డబ్బు పంపించే కౌంటర్లు, సిమ్ కార్డుల బడ్డీలు, వాళ్ల వాళ్ల దేశపు తిండి వండే చిన్న హోటళ్లు వచ్చి చేరాయి. అలా ఒక్కో దేశం వాళ్లకు ఒక్కో మాల్ అయింది.

ఆర్చర్డ్ రోడ్డు మీద, లక్షల ఖరీదు చేతిసంచులు అమ్మే అద్దాల మేడలకు కూతవేటు దూరంలో లక్కీ ప్లాజా అని ఒక పాత మాల్ ఉంది, 1978 నాటిది. ఆదివారం మధ్యాహ్నం అక్కడికి ఒకసారి వెళ్లండి. ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లతో ఎస్కలేటర్లు కిక్కిరిసి ఉంటాయి. ఊరికి డబ్బు పంపేందుకు వరస, ఇంటికి పంపే అట్టపెట్టెలు నింపుకునే హడావిడి, వాళ్ల సొంత దేశపు వేపుడు కోడి దుకాణం జాలిబీ ముందు ఇంకో వరస. ఆ జాలిబీ సింగపూర్‌లో మొదట తెరిచింది కూడా ఇక్కడే, 2013లో. అదే ఏడాది నుంచి పనిమనుషులకు వారానికి ఒక సెలవు రోజు చట్టంలోకి వచ్చింది. అయితే ఆ సెలవుకు బదులు డబ్బిచ్చి పని చేయించుకునే వెసులుబాటు యజమానులకు ఉండేది. 2023 నుంచి నెలకు ఒక్క రోజైనా తప్పనిసరిగా వదలాలని చేశారు. నెలకు ఒక్క రోజు! ఆ ఒక్క రోజుకే ఆ అమ్మాయిలు లిప్‌స్టిక్ వేసుకుని, కొత్త గౌను తొడుక్కుని అక్కడికి వస్తారు. వాళ్లని చూసి "మాల్ మోజు" అనడానికి నాకు నోరు రాదు.

సిటీ హాల్ స్టేషను దగ్గర పెనిన్సులా ప్లాజాలోకి వెళ్తే బర్మా వాసన కొడుతుంది. చేపల పులుసులో నూడుల్స్ వేసే మొహింగా, తమలపాకు చిలకలు, గుండ్రటి బర్మా అక్షరాల బోర్డులు. పాయా లేబార్‌లో సిటీ ప్లాజా ఇండొనేసియా ఆడవాళ్లది. బీచ్ రోడ్డులో గోల్డెన్ మైల్ కాంప్లెక్సు థాయ్ వాళ్లదిగా ఉండేది, దాని ముందు నుంచే థాయ్‌లాండ్‌లోని హట్ యాయ్ వెళ్లే బస్సులు బయల్దేరేవి. కట్టడాన్ని కాపాడాల్సిన వారసత్వ భవనంగా 2021లో ప్రకటించారు. 2023లో దుకాణాలన్నీ ఖాళీ చేయించారు. గోడల్ని కాపాడారు, మనుషుల్ని పంపించేశారు. అక్కడ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే ఒక ముసలామె ఉండేది, ఇప్పుడెక్కడుందో.

మరి మనది? మనది ముస్తఫా. ఫారర్ పార్క్ స్టేషను దిగి సయ్యద్ ఆల్వి రోడ్డులోకి తిరగాలి. 1971లో చిన్న బట్టల కొట్టుగా మొదలై, 1995 నుంచి ఇప్పుడున్న చోట పెరిగింది. దీనికి యజమాని ఒకరే అయినా నడిచే పద్ధతి మాత్రం మన పాత బజారు పద్ధతే. కోవిడ్‌కి ముందు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉండేది, ఇప్పుడు రాత్రి రెండింటికి మూస్తారు. లోపల వరసల మధ్య ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాలి, సరుకు కప్పు దాకా పేర్చి ఉంటుంది. సోనా మసూరి బియ్యం బస్తాలు, ఇడ్లీ రవ్వ, మన ఆవకాయ సీసాలు, ప్రెస్టీజ్ కుక్కర్లు, బంగారం గాజులు, సూట్‌కేసులు, మందులు, మారకపు డబ్బు, అన్నీ ఒక కప్పు కిందే. బిల్లు కట్టాక సంచి మూతిని ప్లాస్టిక్ తాడుతో బిగించేస్తారు, ఇంటికెళ్లాక కత్తెర వెతుక్కోవాలి. మొదటిసారి నాకు అవమానంగా అనిపించింది, ఇప్పుడు ఆ తాళ్లతో కరివేపాకు కట్టలు కడుతున్నా.

రెండు జాగ్రత్తలు. ఆదివారం సాయంత్రం పాపతో ముస్తఫాకి వెళ్లకండి, తోపులాటలో నలిగిపోతారు. మంగళవారమో బుధవారమో పొద్దున పదింటికి వెళ్తే రాజుల్లా తిరగొచ్చు. కూరలకి, చేపలకి, మటన్‌కి మాత్రం ముస్తఫా వద్దు, లిటిల్ ఇండియా స్టేషను పక్కన టెక్కా సెంటర్ ఉంది, అచ్చంగా మన రైతుబజారు. గోంగూర ఉందా అని అడగండి. ఉన్నరోజు రెండు కట్టలు ఎక్కువ తీసుకోండి, లేనిరోజు బాధపడొద్దు.

ఆదివారం లిటిల్ ఇండియాలో కనిపించే జనంలో మీలాంటి నాలాంటి సంసారాలు తక్కువ. కట్టడాల్లో, ఓడల మరమ్మతు యార్డుల్లో పనిచేసే మగవాళ్లు ఎక్కువ. తమిళనాడు వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, వాళ్లలో మన గోదావరి జిల్లాల వాళ్లు, తెలంగాణ వాళ్లు కూడా. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్లు పెళ్లాం బిడ్డల్ని తెచ్చుకోవడానికి లేదు. భార్యనీ పిల్లల్నీ తెచ్చుకోవాలంటే ఎంప్లాయ్‌మెంట్ పాస్‌లాంటి పై తరగతి పాస్ ఉండాలి, నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్ల జీతం ఉండాలి. మీ కుటుంబం కలిసి వస్తోందంటే మీరు ఆ గీతకు ఇవతల ఉన్నట్టు. 2013 డిసెంబరు 8 రాత్రి లిటిల్ ఇండియాలో ఒక బస్సు కింద పడి తమిళ కూలీ చనిపోతే గొడవ రేగి వాహనాలు తగలబడ్డాయి. తరువాత 2015లో రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఏడింటి దాకా బహిరంగ ప్రదేశాల్లో తాగకూడదని దేశమంతటికీ చట్టం తెచ్చారు, లిటిల్ ఇండియాకి ఇంకా గట్టి ఆంక్షలు పెట్టారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ మనుషులు నెలల తరబడి డార్మిటరీల్లోంచి బయటికి రాలేకపోయారు. ఆ తరువాత కూడా చాలాకాలం, మేము మాల్లో ఐస్‌క్రీమ్ తింటుంటే వాళ్లు ముందుగా అనుమతి తీసుకుని బయటికి రావాల్సి వచ్చింది. ఒకే నగరం, ఒకే ఏసీ గాలి, కానీ ఎవరి మాల్ వాళ్లది. బస్సులో పక్కన కూర్చున్న కుర్రాడు ఫోన్లో "అమ్మా, తిన్నావా" అని మన యాసలో అడుగుతుంటే, దిగేలోపు ఒక్కసారి "ఏ ఊరు బాబూ" అని పలకరించండి. నేను అలా పలకరించిన ఒకతను అమలాపురం దగ్గరివాడు, రెండేళ్లుగా ఇంటికెళ్లలేదన్నాడు. స్టాపు రాగానే దిగిపోయాడు. అతని పేరు కూడా అడగలేదు నేను.

ఇక డబ్బు. మాల్లో తిరిగితే డబ్బు పోదు, కూర్చుంటే పోతుంది. ఫుడ్ కోర్టులో ఒక పూట తిండి మనిషికి 7 నుంచి 10 డాలర్లు అవుతుంది. అదే మాల్లో బల్ల దగ్గరకొచ్చి వడ్డించే హోటల్లో మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తాయి, ప్లస్ ప్లస్. అంటే పది శాతం సర్వీసు చార్జి, దాని మీద తొమ్మిది శాతం జీఎస్టీ. మెనూలో 100 అని ఉంటే బిల్లు 119 డాలర్ల 90 సెంట్లు. నేను వచ్చిననాడు పన్ను 7 శాతం, 2023లో 8, 2024 జనవరి నుంచి 9. ఈ ప్లస్ ప్లస్ చూడక మా ఆయన మొదటి నెలలో ఆఫీసు స్నేహితులకి పార్టీ ఇచ్చి, కార్డు గీకి, ఇంటికొచ్చి నీళ్లు తాగాడు.

తిండికి మాల్‌కన్నా హాకర్ సెంటర్, అంటే తిండి బడ్డీలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు, మేలు. ప్రతి పేటలోనూ ఉంటుంది, ఏసీ ఉండదు, పైన ఫ్యాన్లు తిరుగుతుంటాయి, 4 నుంచి 6 డాలర్లలో కడుపు నిండుతుంది. యునెస్కో 2020లో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి ఉంటే ఆ కుర్చీ ఎవరో పట్టుకున్నట్టు లెక్క, దానిని చోప్ చేయడం అంటారు. అది ఎవరో మర్చిపోయారనుకుని ముక్కు తుడుచుకోకండి, నేను చేశాను. తిన్నాక పళ్లెం మీరే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి వదిలేస్తే జరిమానా. మీరు శాకాహారులైతే చైనా వాళ్ల శాకాహార బడ్డీ వెతకండి. బౌద్ధుల పద్ధతి, చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. కాకపోతే పళ్లెంలో చేపలా, బాతులా కనిపించేవి సోయాతోనూ పిండితోనూ చేసినవి. మా అత్తగారు మొదటిసారి చూసి లేచి వెళ్లిపోయింది.

టీ కావాలంటే "తే హాలియా" అనండి, అల్లం టీ ఇస్తారు. హాకర్ సెంటర్లో రెండు డాలర్ల లోపే. అదే మాల్ కాఫీ షాపులో ఆరేడు డాలర్లు. రోజుకి అలా ఇద్దరికీ పోతే నెలకి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

ప్యాకేజీల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, నేను దెబ్బతిన్నది అక్కడే. మాల్లో ఎస్కలేటర్ దిగగానే బెలూన్ పట్టుకున్న అమ్మాయి మీ పాపని పలకరిస్తుంది, "ఒక క్లాసు ఉచితం" అంటుంది. మా వాడికి ఆరేళ్లప్పుడు అలాగే ఒక కేంద్రంలో చేర్పించాం. ఏడాదికి ముందే కట్టేస్తే తగ్గింపు అన్నారు, 1,800 డాలర్లు కట్టాం. నాలుగో నెలలో ఒక శనివారం వెళ్లేసరికి షట్టర్ దించి ఉంది, దాని మీద కాగితం. పేరు చెప్పను, ఇప్పుడు లేదు కూడా. చిన్న మొత్తాల తగాదాలకు ఇక్కడ స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది, ఇప్పుడు 20,000 డాలర్ల దాకా లాయరు లేకుండా మీరే వెళ్లొచ్చు, మామూలు దుకాణాల గొడవల్లో బాగా పనికొస్తుంది. కానీ కంపెనీయే మూతపడితే ఎవరి దగ్గర వసూలు చేస్తాం? అప్పటి నుంచి ట్యూషన్ గానీ, జిమ్ గానీ, జుట్టు వైద్యం గానీ నెలనెలా కట్టించుకునే చోటికే వెళ్తాను.

మీ అమ్మా నాన్నా చూడ్డానికి వచ్చినప్పుడు ఒక లాభం ఉంది. పర్యాటకులకు ఒక దుకాణంలో 100 డాలర్లకు తగ్గకుండా కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుంది, విమానాశ్రయంలో తీసుకోవాలి. పాస్ మీద ఉండేవాళ్లకు రాదు. కొనేది వాళ్లు, పాస్‌పోర్టు వాళ్లది, తీసుకెళ్లేది వాళ్లు అయి ఉండాలి. వాళ్ల పేరు మీద మన టీవీ కొనడం లాంటి తెలివితేటలు వద్దు, చిక్కుల్లో పడతారు.

మీరు ఉద్యోగం వదిలి వస్తున్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. నేను వచ్చినప్పుడు డిపెండెంట్ పాస్ మీద, అంటే ఉద్యోగి భార్యగానో భర్తగానో వచ్చి ఉన్నవాళ్లు ఒక అనుమతి ఉత్తరంతో పనిలో చేరేవాళ్లు. నేను 2012లో అలాగే ఒక లెక్కల ఆఫీసులో చేరాను. 2021 మే నుంచి ఆ దారి మూసేశారు. ఇప్పుడు మీకు ఉద్యోగమిచ్చే కంపెనీ మీ పేరు మీద వేరే వర్క్ పాస్ తీసుకోవాలి, దానికి కనీస జీతం, అర్హతల మార్కులు అన్నీ ఉంటాయి. అందుకని "వెళ్లాక చూసుకుందాం" అనుకోకండి. కుదిరితే హైదరాబాద్ ఉద్యోగానికి వెంటనే రాజీనామా ఇవ్వకుండా సెలవు అడగండి. అక్కడి నుంచే ఇక్కడి కంపెనీలకు దరఖాస్తులు మొదలుపెట్టండి. మాల్స్ వల్ల ఇక్కడి ఆడవాళ్లకి పిచ్చెక్కుతుందని నేననుకోను. పొద్దున తొమ్మిదింటికి మొగుడు వెళ్లిపోయాక సాయంత్రం ఏడింటి దాకా వేరే పని లేకపోతే ఎక్కుతుంది. అప్పుడు మాల్ కనిపిస్తుంది, కాళ్లు అటే పోతాయి, చవక సామాన్ల జపాన్ దుకాణంలో అక్కర్లేని ప్లాస్టిక్ డబ్బాలు బుట్టలో పడతాయి. మా ఇంట్లో అలాంటివి ఇప్పటికీ పదకొండున్నాయి, మూతలు ఆరే ఉన్నాయి.

అయితే నా మొదటి స్నేహితురాలు దొరికింది కూడా ఆ మాల్లోనే. నాలుగో అంతస్తు లైబ్రరీలో పిల్లల పుస్తకాల దగ్గర మా వాణ్ని పట్టుకోలేక కూర్చుంటే, వెనక నుంచి ఒక గొంతు, "ఒరేయ్ చిన్నా, అది ఎక్కావంటే వీపు పగులుద్ది" అంది. నేను వెనక్కి తిరిగి చూసి ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి "మీ అబ్బాయిని కాదండీ, మావాణ్ని" అంది. పదిహేనేళ్లయింది, ఇప్పటికీ ఉగాది పచ్చడి వాళ్లింట్లోనే. కాబట్టి పాపని తీసుకుని లైబ్రరీకి వెళ్లండి, ఇక్కడి పౌరులకు ఉచితం, పాస్ వాళ్లకు ఏడాదికి కొద్దిపాటి రుసుము ఉంటుంది, కూర్చుని చదువుకోడానికి అదీ అక్కర్లేదు. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది, ఉగాదికీ సంక్రాంతికీ కలుస్తారు, వచ్చిన నెలలోనే చేరండి. పాప బడికి వెళ్లే వయసొచ్చాక తెలుగు ఇక్కడి బడుల్లో మాతృభాషగా ఉండదు. తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువమంది హిందీ తీసుకుంటారు. తెలుగు ఇంట్లో మీరే నేర్పాలి.

పాపతో పైసా ఖర్చు లేకుండా గడిపే చోట్లు మాల్స్‌లోనే ఉన్నాయి, పైకప్పు మీద వెతకండి. వివోసిటీ డాబా మీద మోకాలి లోతు నీళ్లు, ఎదురుగా సెంతోసా దీవి. సెరంగూన్‌లో నెక్స్ పైన, పుంగోల్‌లో వాటర్‌వే పాయింట్‌లో నీళ్లాటల చోట్లు ఉన్నాయి. మార్చే బట్టలు, తువ్వాలు సంచిలో పెట్టుకెళ్లండి. చాంగీ విమానాశ్రయం పక్కన జ్యువెల్‌లో 40 మీటర్ల పైనుంచి పడే జలపాతం చూడ్డానికి టికెట్టు లేదు, పై అంతస్తులో ఆటల తోటకి మాత్రం ఉంది, పాపకి దాని గురించి చెప్పకండి. సాయంత్రం ఎండ తగ్గాక మాల్ వదిలేసి ఫ్లాటు కిందికి దిగండి. చాలా హెచ్‌డీబీ భవనాలకు నేల అంతస్తు ఖాళీగా వదిలేస్తారు, వాయిడ్ డెక్ అంటారు. ఒకరోజు అక్కడ మలయ్ పెళ్లి జరుగుతుంది, ఇంకోరోజు చైనా వాళ్ల చావు మేళం. ముసలాళ్లు చదరంగం ఆడుకుంటుంటారు. మన అరుగు అదే. నా పక్కింటి చైనా అవ్వ నాకు మాండరిన్‌లో, నేను ఆవిడకి తెలుగులో, పదేళ్లుగా అక్కడే మాట్లాడుకుంటున్నాం.

జోహోర్ బారు గురించి ఎవరైనా ఊరిస్తే, అది వంతెన దాటితే వచ్చే మలేషియా ఊరు. అక్కడి మాల్స్‌లో మన డాలరుకి మూడు రింగిట్ల పైనే వస్తాయి కాబట్టి వారాంతంలో సగం సింగపూర్ అటే పోతుంది. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి వీసా లేకుండా నెల రోజులు రానిస్తున్నారు, బయల్దేరే ముందు నిబంధన మళ్లీ చూసుకోండి. శుక్రవారం సాయంత్రం మాత్రం వెళ్లకండి. మేము ఒకసారి వంతెన మీద మూడున్నర గంటలు నిలబడి, అవతల రెండు దుప్పట్లు కొని వచ్చాం.

ఇక కుక్కరు. తెచ్చుకోండి, ముస్తఫాలో దొరుకుతుంది గానీ మీ చేతికి అలవాటైనది వేరు. గాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టుకోండి. మిక్సీ తేవచ్చు, కరెంటు 230 వోల్టులే, కానీ ఇక్కడి సాకెట్లకు దీర్ఘచతురస్రపు కాళ్లు మూడుండే ప్లగ్గే పడుతుంది, అడాప్టర్ కావాలి. ఆవకాయ, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ గట్టిగా మూత పెట్టి తెచ్చుకోండి. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి వద్దు, భారతదేశం నుంచి మాంసం రానివ్వరు. మసాలా డబ్బాలో గసగసాలు ఉంటే తీసి మీ అమ్మగారికి ఇచ్చేసి రండి. ఇక్కడ వాటిని మత్తుమందుల శాఖ నిషేధించిన సరుకుల్లో లెక్కేస్తారు. కుర్మాకి జీడిపప్పు వెయ్యండి, కొన్నాళ్లకు తేడా తెలియదు.